చెయ్యి కాదు, పన్ను చూడండి

క్లాసులో అందరూ ఆమెని భూకంపం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిన రోజు ఆమె కూడా అందరితోపాటు నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి, పదిమందిలో ఏడవడమంటే ఆమెకి చిన్నప్పటినుంచీ పరమ చిరాకు.

పేరు ఊరికే రాలేదు. పళ్ళ డాక్టరీ చదివేవాళ్ళు మనుషుల నోళ్ళ జోలికి వెళ్ళేముందు బొమ్మతలల మీద చెయ్యి తిప్పుకోవాలి. ప్రయోగశాలలో ప్రతి బెంచికీ ఒక తల బిగించి ఉంటుంది. దానికి రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్ళు. ఎంత కోసినా నోరు తెరిచే ఉంచుతుంది, పొరపాటున కూడా అబ్బా అనదు. ఇంత మంచివాడు బయట దొరకడని పిల్లలు దానికి బావగారు అని పేరు పెట్టుకున్నారు. మొదటి పరీక్షలో బావగారి దవడపన్ను ఒకదాన్ని క్యాపుకి సరిపడా అరగదీయమన్నారు. భూకంపం ఆ పన్నుని అరగదీసింది. చెయ్యి వణికి దాని పక్కపన్నునీ అరగదీసింది. ఇటుపక్కది కూడా బతికి బట్టకట్టేది కాదు, అప్పటికి టైమైపోయింది కాబట్టి సరిపోయింది.

క్యాపులు నేర్పే సార్‌ని అందరూ క్యాపుల సార్ అంటారు. ఆయన వేలెడు అద్దం బావగారి నోట్లో పెట్టి చాలాసేపు చూశారు.

"పక్కపన్ను నీకేం ద్రోహం చేసిందమ్మా?" అన్నారు.

హాలంతా ఘొల్లుమంది. సార్ నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఎప్పుడో ఒక కుర్ర డాక్టరు చెయ్యి జారి పేషెంటు నాలుక చీరితే, ఆ నెత్తుటి మడుగులో కుట్లు వేసింది ఈయనే. అప్పటినుంచీ వణికే చెయ్యిని చూస్తే ఆయనకి ఆ నాలుకే కళ్ళముందు ఆడుతుంది. అయితే ఏం, మంచివాళ్ళు చేసే అన్యాయం కూడా అన్యాయమే.

"చెయ్యి పుట్టుకతో రావాలి," అన్నారు సార్ అందరికీ వినపడేలా. "కొందరికి రాదు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంకో పరీక్ష ఉంది. అందులోనూ ఇంతే అయితే నిన్ను క్లినిక్కి పంపను, ఏడాదంతా మళ్ళీ చదవాలి. నన్నడిగితే ఇప్పుడే దారి మార్చుకో. ఆస్పత్రి మేనేజిమెంటు కోర్సులున్నాయి. హాయిగా కుర్చీలో కూర్చుని చేసుకునే పని."

అంతటితో ఆగితే బాగుండేది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పారు. అమ్మ లెక్కల టీచరు. క్లాసులో సిద్ధాంతం నిరూపించకుండా వదలని మనిషి, సార్ చెప్పగానే మాత్రం నిరూపణ అడక్కుండా నమ్మేసింది.

"పెద్దాయన. నీ మేలుకోరి చెప్పాడు. ఆలోచించుకో," అంది సాయంత్రం పేపర్లు దిద్దుకుంటూ.

"ఆలోచించానమ్మా. క్లినిక్కి వెళ్తాను."

"చెయ్యి వణుకుతుంటే ఎలా వెళ్తావే?"

"వణుక్కుంటూ వెళ్తాను," అని విసురుగా గదిలోకి పోయింది. పోయి మంచం మీద కూర్చుని తన చెయ్యిని తనే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. ఆ చెయ్యంటే ఆ పూట ఆమెకి ఒళ్ళు మండింది. నోట్లో నొప్పితో వచ్చినవాడు నవ్వుకుంటూ లేచి వెళ్ళాలి, అది తన చేతిమీదుగా జరగాలి. చిన్నప్పటినుంచీ ఆమె కోరుకున్నది అదొక్కటే. కుర్చీలో కూర్చుని ఎవరి పేషెంట్లకో గదులు కేటాయించడం ఆమెకొద్దు.

సలహాలకి మాత్రం కరువు లేదు. రబ్బరు బంతి పిసకమన్నారు ఒకరు. కాఫీ మానెయ్యమన్నారు ఇంకొకరు. పక్కబెంచి కుర్రాడైతే బియ్యంలో చెయ్యి పెట్టి కలపమన్నాడు. ఆమె బంతి పిసికింది, కాఫీ మానేసింది, బియ్యమూ కలిపింది. కాఫీ లేక తలనొప్పి వచ్చింది. బంతి పిసికి పిసికి ముంజెయ్యి గట్టిపడింది, దాంతోపాటు వణుకు కూడా బలంగా తయారైంది.

అలాంటి రోజుల్లో పక్కనున్న ఫిజియోథెరపీ భవనంలోంచి ఫిజియో మేడమ్ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పళ్ళ డాక్టరీ పిల్లల మీద ఒక పరిశోధన చేస్తున్నానంది. నడుమునీ పొట్టనీ పట్టి ఉంచే కండరాలకి కొన్ని వారాలపాటు కసరత్తు చేయిస్తే చేతి పనితనం మెరుగవుతుందా లేదా అన్నది చూడాలట. చిల్లుల పలకలో సన్నటి పుల్లలు ఎంత త్వరగా గుచ్చుతారో ముందోసారి, తర్వాతోసారి కొలుస్తుందట.

"చేతికి వణుకొస్తే నడుముకి వైద్యమా?" అని నవ్వాడు పక్కబెంచి కుర్రాడు. "మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది."

"నువ్వు కూర్చున్న తీరు ఒకసారి చూసుకో నాయనా," అంది మేడమ్. "స్టూలు చివర వేలాడుతున్నావు. కుడికాలు డ్రిల్లు పెడల్ మీద, మడమ గాల్లో. ఎడమకాలు స్టూలు కమ్మీకి చుట్టుకుంది. వీపు కొడవలి. ఇప్పుడు నీ ఒంటిని పడకుండా పట్టుకుంటోంది ఎవరు? పన్ను మీద ఆనించిన నీ ఉంగరపు వేలు. ఇంటిపెద్ద మంచమెక్కితే చాకిరంతా చిన్నకోడలి మీద పడ్డట్టే ఇది. నడుం చెయ్యనంది, భుజం మీద పడింది. భుజం మోచేతి మీదకి తోసింది. మోచెయ్యి వేళ్ళ మీద పడేసింది. చిన్నకోడలు వణకదా మరి?"

అందరూ నవ్వారు, భూకంపం తప్ప. ఆమెకి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ అందరూ ఆ చిన్నకోడల్నే తిట్టారు. తనూ తిట్టింది.

పేరిచ్చినవాళ్ళని రెండు గుంపులు చెయ్యాలి. ఒక గుంపు కసరత్తు చేస్తుంది, రెండో గుంపు మామూలుగా ఉంటుంది. చివర్లో రెండు గుంపుల్నీ పోల్చి చూడాలి. ఎవరు ఎటో చీటీలు తీస్తారు. భూకంపం చీటీ తీసింది. మామూలుగా ఉండే గుంపులో పడింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మేడమ్ గదికి వెళ్ళింది.

"నన్ను అటు మార్చండి మేడమ్."

"కుదరదు తల్లీ. ఎవరికి అవసరమో చూసి మార్చుకుంటూ పోతే అది పరిశోధనే కాదు. ఇది పూర్తయ్యాక మీ గుంపుకి కూడా అన్నీ నేర్పుతాను. మాటిస్తున్నాను."

"అప్పటికి నా పరీక్ష అయిపోతుంది. మీ మాట ఉంటుంది, నేనే క్లాసులో ఉండను."

"నీ కష్టం నాకు అర్థమైంది. కానీ ఒక్కదానికోసం..."

"అయితే నా పేరు కొట్టేయండి," అంది భూకంపం. "మీ గుంపులో ఉంటూ చాటుగా చేస్తే మీ లెక్క చెడిపోతుంది. ఆ దొంగపని నాకొద్దు. బాహాటంగానే చేస్తాను. వందమందికి పనిచేస్తుందో లేదో మీరు చూడండి. ఒక్కదానికి పనిచేస్తుందో లేదో నేను చూసుకుంటాను."

మేడమ్‌కి కోపం వచ్చింది. ఒక మనిషి తగ్గితే ఇంకో మనిషిని వెతుక్కోవాలి. పేరు కొట్టేసింది. "నేర్పేది మాత్రం నా గుంపుకే. అది కూడా గుర్తుపెట్టుకో," అంది.

గుర్తుపెట్టుకోవడానికేముంది! కసరత్తు హాలుకి అద్దాల తలుపు ఉంది. తలుపు మూస్తారు గానీ అద్దాన్ని ఎవరు మూస్తారు? మధ్యాహ్నం విరామంలో లోపల వాళ్ళు నేలమీద చాపలు పరుచుకుంటే, బయట వరండాలో ఈమె తెల్లకోటు తీసి పరుచుకునేది. లోపల వాళ్ళు మోచేతుల మీద ఒళ్ళంతా పలకలా నిలబెడితే ఈమె కూడా నిలబెట్టేది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి చూసేవారు. ఫొటోలు తీసేవారు. "భూకంపం నేలలోకే దిగిపోయింది చూడండ్రా," అని ఒకడు అరిచాడు.

"దిగుతా. దిగి నీ స్టూలు కిందనుంచే వస్తా, కాళ్ళు జాగ్రత్త," అంది, గడ్డం నేలకి ఆనుతున్నా.

ఆ కసరత్తుల్లో ఒకటి ఆమెకి అస్సలు లొంగలేదు. చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి, ఒక చెయ్యి ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి, ఒళ్ళు కదలకుండా ఉండాలి. తలుపు దగ్గరనుంచి చూస్తే లోపలివాళ్ళ తలలూ చాపిన చేతులూ మాత్రమే కనిపిస్తాయి, కాళ్ళు ఒంటి చాటున పోతాయి. కుడిచెయ్యి లేస్తే కుడికాలే లేస్తుందనుకుంది ఆమె. రెండూ ఒకేవైపు లేపడం, బస్తాలా పక్కకి దొర్లడం. మళ్ళీ లేవడం, మళ్ళీ దొర్లడం. తన నడుములోనే లోపం ఉందనుకుని పళ్ళు బిగబట్టి ఇంకా గట్టిగా దొర్లింది. మోచెయ్యి దోక్కుపోయింది.

లోపల మేడమ్ రెండుమూడు రోజులు చూసీచూడనట్టు ఊరుకుంది. వంట వచ్చినవాళ్ళు పక్కింట్లో మాడువాసన వస్తే ఎంతసేపని ఊరుకుంటారు? నాలుగోరోజు తలుపు ధడాలున తెరుచుకుంది.

"కుడిచెయ్యి లేపితే ఎడమకాలు లేపాలి! ఎడమకాలు!" అని అరిచింది. "నేర్పనన్నాను. కానీ ఇంత ఘోరంగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. ఊపిరి ఎందుకు బిగబట్టావ్? వదులు. నిన్నెవరూ నీళ్ళలో ముంచలేదు."

భూకంపం ఊపిరి వదిలింది. ఎడమకాలు లేపింది. ఒళ్ళు అటూ ఇటూ ఊగి, పొట్టలోపల ఎక్కడో తాళం పడ్డట్టయి, ఆగింది. దొర్లలేదు. నేలని చూస్తూ ఆమె నవ్వడం మేడమ్‌కి కనిపించలేదు.

"నీ పేరు నా పరిశోధనలో ఎక్కడా ఉండదు," అంది మేడమ్. "మా వాళ్ళు వెళ్ళాక వచ్చి కనపడు. ఒకటి ముందే చెప్తున్నా. వణుకు పోతుందని నేను అనను. పోతుందో లేదో నాకు తెలీదు, తెలీకే కదా ఇంత అవస్థ. ఒంటిని పట్టుకునే పని వేళ్ళకి తప్పిస్తాను. అంతవరకే నా పూచీ."

"అంతకంటే నాకేం వద్దు," అంది భూకంపం.

ఇంట్లో రోజూ హాలు మధ్య చేతులూ మోకాళ్ళూ ఆనించి తయారయ్యేది. అమ్మ సోఫాలో పేపర్లు దిద్దుకుంటూ, చదువుకుంటుందని కాలేజీకి పంపితే పిల్ల గుర్రప్పిల్లై తిరిగొచ్చిందని గొణిగేది. వీపు బల్లలా ఉండాలని మేడమ్ చెప్పిందంటే, "బల్ల సమంగా ఉందో లేదో కొలవాలిగా" అని లెక్కల టీచరు బుద్ధి పోనిచ్చుకోక, గ్లాసుతో నీళ్ళు తెచ్చి కూతురి నడుం మీద పెట్టింది. మొదటిరోజు గ్లాసు దొర్లింది, నీళ్ళు పేపర్ల మీద పడ్డాయి, ఎవరో పిల్లాడికి వచ్చిన మార్కులు అలుక్కుపోయాయి. అమ్మ తిట్టుకుంటూ తుడిచింది. మర్నాడు మళ్ళీ తనే గ్లాసు తెచ్చింది. అలా చాలా గ్లాసులు ఒలికాక ఒక సాయంత్రం భూకంపం చెయ్యి చాపింది, కాలు చాపింది, వైపు మార్చింది, మళ్ళీ మార్చింది. గ్లాసు కదల్లేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూసి, ఆ గ్లాసు తీసుకుని, గుక్కెడు తాగింది.

"సార్ మళ్ళీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావ్?" అంది.

"నేను ఇంట్లో లేనని చెప్పు."

"అబద్ధమెందుకు? నా కూతురు దారి మారదని చెప్తాను," అని వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడు మాత్రం భూకంపం గ్లాసు లేని వీపుతో నేలమీద అలాగే ఉండిపోయి కాస్త ఏడ్చింది. పదిమందీ లేరు కదా.

కసరత్తు ఒక్కటే సరిపోలేదు. బెంచి దగ్గర పాత అలవాట్లు పాత బంధువుల్లా తిరిగొచ్చేవి. పన్ను లోపలివైపు కనపడకపోతే అద్దంలో చూసి చెయ్యాలి. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది కాబట్టి అందరూ మెడలు వంచి, ఒళ్ళు మెలితిప్పి నేరుగానే చూసేస్తారు. భూకంపం ఆ పని మానేసింది. స్టూలు కిందికి దించింది. పెడల్‌ని దగ్గరికి లాక్కుని మడమ నేలకి ఆనేలా పెట్టుకుంది. కమ్మీకి చుట్టుకునే ఎడమకాలిని ఎన్నిసార్లు దించినా అది మళ్ళీ ఎక్కేది, దాన్ని తిట్టి మళ్ళీ దించేది. పనిలో వేగం పడిపోయింది. పక్కబెంచి కుర్రాడు రెండు పళ్ళు పూర్తిచేసేలోపు ఈమెది ఒకటి సగంలో ఉండేది.

ఒకరోజు క్యాపుల సార్ వెనకాల నిలబడి ఆ సర్దుబాట్లన్నీ చూశారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నారు. "మొన్నటిదాకా పక్కపన్ను, ఇప్పుడు స్టూలూ పెడలూ దొరికాయా?"

"మద్దెల కూడా ఓడేమో చూసుకుంటున్నాను సార్," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. హాల్లో ఎవరో దగ్గారు. సార్ ముందుకి వెళ్ళిపోయారు.

పరీక్ష రోజు డ్రిల్లుల కూత మొదలైంది. అందరూ పన్ను మీద పడ్డారు. భూకంపం ఇంకా స్టూలు దించుకుంటోంది. బావగారి తల వంపు సరిచేసింది. పెడల్ జరుపుకుంది. మడమలు రెండూ నేలకి ఆనించి, కూర్చున్నచోట బరువు అటూ ఇటూ సమంగా పడిందో లేదో చూసుకుంది.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?" అన్నారు సార్. "టైము ఎవరికోసమూ ఆగదు."

ఆమెకి భయం వేసింది. అయినా తొందరపడనని మొండికేసింది. ఉంగరపు వేలు పక్కపన్ను మీద తేలిగ్గా ఆనించి, ఊపిరి వదుల్తూ డ్రిల్లు దించింది.

చిగుళ్ళ అంచు వెంట పన్ను చుట్టూ సన్నటి మెట్టు తియ్యాలి. క్యాపు అంచు వచ్చి ఆ మెట్టు మీద కూర్చుంటుంది. మెట్టు ఎగుడుదిగుడైతే కింద సందు, సందులో కుళ్ళు. ముందువైపు బాగానే వచ్చింది. లోపలివైపు అద్దంలో చూస్తూ తిప్పుతుంటే, పక్కపన్నుకి వెంట్రుకవాసి దూరంలో డ్రిల్లు మొన చిన్నగా అదిరింది. మునుపటి భూకంపమైతే ఊపిరి బిగబట్టి, వేళ్ళు బిగించి, ఆ అదురుని అణచబోయి పక్కపన్నుని కోసేసేది. ఆమె పెడల్ వదిలింది. డ్రిల్లు ఆగింది. చూస్తే ఎడమకాలు అప్పుడే కమ్మీ ఎక్కి కూర్చుంది. "దిగు," అని దానికి చెప్పింది పైకే. దించి, నడుం నిలబెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వేళ్ళకి పన్ను తప్ప ఇంకో పని లేదు. ఆ తేలిక ఆమెకి ఎంత కొత్తగా ఉందంటే, ఒక్క క్షణం అది తన చెయ్యేనా అనిపించింది.

గంట కొట్టేసరికి అందరికంటే ఆఖర్న డ్రిల్లు కింద పెట్టింది.

సార్ ఒక్కో బెంచీ చూసుకుంటూ వచ్చారు. ఈమె దగ్గరికొచ్చి బావగారి నోట్లోకి చూడలేదు. బెంచి మీదున్న ఒక తెల్లకాగితం తీసుకున్నారు.

"లే. కుడిచెయ్యి చాపు. అరచెయ్యి కిందికి."

చాపింది. సార్ ఆ చేతి మీద కాగితం పరిచారు. కాగితం అంచులు టపటపమని కొట్టుకున్నాయి. ఆ చప్పుడు వెనక బెంచీలదాకా వినపడింది, అక్కడ ఎవరో కిసుక్కుమన్నారు.

"చూశారా," అన్నారు సార్, ఆమెతో కాదు, క్లాసుతో. "ఒక్కోరోజు అదృష్టం కొద్దీ పన్ను కుదరొచ్చు. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. రేపు ఈ చేతి కింద మనిషి ఉంటాడు."

భూకంపానికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ ఆ చెయ్యిని కోటు జేబులో దాచుకుంది, పుస్తకం కింద దాచుకుంది, ఫొటోల్లో వెనక్కి పెట్టుకుంది. ఇప్పుడు అది అందరి ముందూ కాగితం కట్టుకుని ఆడుతోంది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదని తెలియగానే ఆమెకి సిగ్గు పోయి కోపం వచ్చింది.

"వణుకుతోంది సార్," అంది. "రేపూ వణుకుతుంది. ఇలా గాల్లో చాపి నేను ఎవరి నోట్లోనూ పని చెయ్యను. పని చేసింది అదుగో, అక్కడ. చెయ్యి కాదు, పన్ను చూడండి."

"ముందు చెయ్యి దించు."

"మీరు పన్ను చూసేదాకా దించను."

సార్ ముఖం ఎర్రబడింది. ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు ఆ హాల్లో ఇంతవరకూ లేరు. ఆమె చెయ్యి చాపుకుని నిలబడే ఉంది, కాగితం కొట్టుకుంటూనే ఉంది. సార్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. అద్దం తీసుకున్నారు. కొక్కెంమొన ఉన్న ప్రోబు తీసుకున్నారు.

ప్రోబు మెట్టు వెంట బయలుదేరింది. ముందువైపు తిరిగింది. పక్కకి వచ్చింది. ఎగుడుదిగుడు ఎక్కడ ఉన్నా ఆ మొన పట్టుకుంటుంది, పట్టుకున్నచోట సార్ చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగలేదు. లోపలివైపుకి పోయింది, చుట్టూ తిరిగి మొదటికొచ్చింది. సార్ నమ్మలేక ఎదురుదిశలో మళ్ళీ తిప్పారు. తర్వాత లైటు దగ్గరికి లాగి పక్కపన్నుని చూశారు, ఇటుపక్కదాన్నీ చూశారు. గీత లేదు. ఆమె భుజం లాగేస్తోంది, చెయ్యి బరువెక్కి ఇంకా ఎక్కువగా వణుకుతోంది, కాగితం చప్పుడు ఇంకా పెరిగింది. కిసుక్కుమన్నవాళ్ళు కూడా ఇప్పుడు ప్రోబు వైపే చూస్తున్నారు.

సార్ ప్రోబు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, ఆమె ముఖంలోకి చూశారు.

"దించమ్మా," అన్నారు. "సోమవారం పొద్దున క్లినిక్కి రా. పేషెంట్లుంటారు."

ఆమె కాగితం తీసి ఆయన చేతికిచ్చి, అప్పుడు చెయ్యి దించింది.